ఒక్క వీపు కొలత

రవాణాశాఖ ఇన్‌స్పెక్టర్ బండి దీపాలు వెలిగించి చూశాడు. హారన్ మోగించాడు. అద్దాలు అటూ ఇటూ తిప్పాడు. ప్యాంటు మోకాళ్లకు మట్టి అంటుతున్నా లెక్కచేయకుండా వంగి, బండి కింద బ్రేకు గొట్టాలు ఎలా పోయాయో చూశాడు. లేచి చేతులు దులుపుకుని, "అన్నీ మంచిగనే ఉన్నయి పెద్దాయనా. ఇగ కూసోని ఒక చక్కర్ కొట్టి సూపియ్యుండ్రి. కాగితాలు పైకి పంపిస్త" అన్నాడు.

మేడ్చల్ శివారులో ఒక ఖాళీ మైదానం అది. నడుము ఎత్తు కూడా లేని ఆ తెల్లకారు ఎండలో మెరుస్తోంది. చుట్టూ ఓ యాభై మంది మూగారు. దాన్ని తయారుచేసిన మనిషి తలుపు పైకెత్తి, కుడికాలు లోపల పెట్టి కూర్చోబోయాడు. నడుము దగ్గర ఆగిపోయాడు. ఊపిరి బిగబట్టి ఇంకొంచెం దిగాడు. భుజాలు బయటే ఉండిపోయాయి. లేచి, ఈసారి పక్కకు తిరిగి ప్రయత్నించాడు. అంతే. సీటు ఆయన్ను లోపలికి రానివ్వలేదు.

"తాతా, బండి సిన్నగైందా, నువ్వు పెద్దగైనవా?" అని ఎవరో అన్నారు. నవ్వులు వినిపించాయి. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. లైసెన్సున్న సన్నటి మనిషి ఎవరైనా నడిపినా చాలన్నాడు. కారు చేసినాయన దగ్గర పనిచేసే వెల్డర్ లతీఫ్ సన్నగా ఉంటాడు, కానీ పొడగరి. అతని నడుము కూడా సగమే దిగింది, మోకాళ్లు స్టీరింగుకు తగులుకున్నాయి. ఆ సీటు మామూలు కుర్చీ కాదు. ఒక మనిషి వీపు, నడుము, తొడలు అదిమి ముద్ర వేసినట్టుండే గుంట. కారులో మనిషి కూర్చునే తొట్టెతో కలిపి పోతపోసింది.

కారు చేసినాయన తలుపు దించాడు. ఒకసారి తలెత్తి, చెట్టు నీడలో నాలుగు నిమ్మకాయలు పట్టుకుని నిలబడ్డ భార్య వైపు చూశాడు. నిమ్మకాయల కోసమే చూశాడనుకుని ఆమె వచ్చి, ముందరి రెండు చక్రాల ఎదుట రెండేసి పెట్టి పక్కకు జరిగింది. ఆయన ఆ నిమ్మకాయలను చూశాడు. తర్వాత లతీఫును టార్పాలిన్ తెమ్మన్నాడు.

కారును వెనక్కి నెట్టుకుంటూ డీసీఎం లారీలోకి ఎక్కించారు. వెనక్కి నెట్టారు కాబట్టి నిమ్మకాయలు చితకలేదు. మురిగిపోతాయని ఆమె వాటిని ఏరి మళ్లీ చెంగులో వేసుకుంది.

నేను అప్పట్లో ఓ దినపత్రికకు మేడ్చల్, శామీర్‌పేట వార్తలు పంపేవాణ్ణి. ఆ రోజు సాయంత్రం వార్త రాయడానికి కూర్చుంటే ఏం జరిగిందో రాయగలిగాను. ఎందుకు జరిగిందో ఒక్క ముక్క రాయలేకపోయాను. ఇంత వయసొచ్చాక కూడా రాయలేకపోతున్నాను.

ఆయన్ను మొదటిసారి చూసింది మేడ్చల్ రోడ్డు మీద, తొంభైల మధ్యలో. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మా పక్క నుంచి ఓ డీసీఎం లారీ పోయింది. దాని మీద రంగు వేయని కారు పైడొప్ప. ఆ డొప్ప నిండా కోడి ఈకలు. వందలకొద్దీ ఈకలు, మొదళ్ల దగ్గర అంటించి ఉన్నాయి, గాలికి రెపరెప కొట్టుకుంటున్నాయి. లారీ క్యాబిన్లోంచి ఓ బట్టతల మనిషి నడుము దాకా బయటికొచ్చి వెనక్కి తిరిగి ఆ ఈకల్నే చూస్తున్నాడు. బస్సులో ఓ ముసలమ్మ చేతులు జోడించి, ఏ దేవునిదో రథమని దండం పెట్టింది. నేను తర్వాతి స్టాపులో దిగి, ఆ లారీ ఎటు పోయిందో అడుగుతూ దూలపల్లి చేరాను.

దూలపల్లిలో ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. రక్షణశాఖ సంస్థ ఒకదానిలో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేసి, ముందే విరమణ తీసుకుని ఫైబర్ పని పెట్టుకున్నాడు. నీళ్లట్యాంకుల మూతలు, కోళ్లఫారాలకు మేత పళ్లేలు, బస్సులకు సీట్లు చేసేవాడు. తిండి పెట్టేది బస్సు సీట్లు. వాటి మీద ఆయనకు గౌరవం లేదు. "బస్సు సీటు అందరిది. అందుకే ఎవ్వరికి సరిపోదు" అనేవాడు. ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో.

ఈకలెందుకని అడిగితే, బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. గాలి కంటికి కనపడదు. ఈక కనపడుతుంది. గాలి బండిని ఆనుకుని పోతే ఈక పడుకుని ఉంటుంది. ఎక్కడ ఈక తిరగబడితే అక్కడ గాలి తిరగబడుతున్నట్టు. అక్కడ డొప్పను చెక్కాలి. పరాయి దేశాల్లో దీనికి పెద్ద పెద్ద గాలి సొరంగాలు కడతారట. మన దగ్గర మేడ్చల్ రోడ్డుంది, కోళ్లఫారాలున్నాయి, ఇంకేం కావాలన్నాడు.

నేను నాలుగు పేరాల వార్త పంపాను. డెస్కులో దానికి 'దూలపల్లిలో రెక్కల కారు' అని శీర్షిక పెట్టారు. మరుసటి వారం వెళ్తే ఆయన నా ముఖం చూడలేదు. చివరికి టీ వచ్చాక అన్నాడు: "రెక్కలేంది పేపరాయనా? విమానానికి రెక్క లేస్తందుకు. నా బండికున్నది లేవకుంట ఉండేటందుకు."

అదే ఆ కారు రహస్యమట. పందేల కార్లన్నీ అంతేనట. వేగం పెరిగినకొద్దీ బండి నేలను వదలాలని చూస్తుంది, దాన్ని గాలితోనే నేలకు అదిమి పట్టాలి. అందుకని కారు అడుగుభాగం పలకలా చదునుగా పరిచి, వెనక మాత్రం పైకి ఎత్తి, కింద నుంచి పోయే గాలి బండిని కిందికి గుంజేలా చేశాడు. ఇంజను సీటు వెనక. ప్రమాదమై తుక్కుకొచ్చిన ఓ విదేశీ కారు ఇంజను అది. మనిషి కూర్చునే భాగం ముందు నుంచి వెనక దాకా ఒకటే పోత. దాన్ని షెడ్డులో 'తొట్టె' అనేవారు. నీళ్లట్యాంకులు చేసేవాళ్లకు ఇంకో మాట తోచదు.

పందెం కారు చేయడం ఆయన ఉద్దేశం కాదు. అది చాలామంది చేస్తారనేవాడు. ఆయనకు కావలసింది పందెం కారు లాంటిదే, కానీ నంబరు పలక తగిలించుకుని శామీర్‌పేట రోడ్డు మీద న్యాయంగా తిరగాలి. "పందెం బండి గాలికి లెక్క చెప్పాలె. రోడ్డు బండి బర్రెకు గూడ లెక్క చెప్పాలె" అనేవాడు. బర్రె అడ్డమొస్తే ఆగాలి. స్పీడ్‌బ్రేకర్ వస్తే ఎక్కి దిగాలి. వాన వస్తే అద్దం తుడుచుకోవాలి. ఈ ఒక్కొక్క అవసరం ఆయన గాలి లెక్కను పాడుచేసేది. అద్దాలు బిగిస్తే వాటి వెనక ఈకలు తిరగబడ్డాయి. ఒక వేసవంతా ఆ రెండు అద్దాల చుట్టూనే తిరిగాడు.

షెడ్డు గోడకు వంచిన ఇనుప తీగలు వరసగా వేలాడుతుండేవి. ప్రతి తీగకూ ఓ కాగితం ముక్క: యాప్రాల్, తూంకుంట, దూలపల్లి, శామీర్‌పేట. ఆ ఊళ్ల స్పీడ్‌బ్రేకర్ల వంపులవి. నడిరోడ్డు మీద గొంతుక్కూర్చుని తీగను స్పీడ్‌బ్రేకర్ మీద ఆనించి, అదే వంపుకు వంచి తెచ్చేవాడు. లారీవాళ్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోయేవాళ్లు. ఒక ఊరి వంపు ఇంకో ఊరికి సరిపోదనేవాడు. తూంకుంట తీగ చూపించి, దీన్ని పోసినవాడెవడో బండ్ల మీద పగ పట్టిండు అనేవాడు. తూంకుంట వంపు దాటడం కోసమే కారు ముక్కును చేతిపంపుతో నాలుగు వేళ్లు పైకి లేపే ఏర్పాటు చేశాడు.

ఇంకో సంగతి చూపించాడు. కారు ముందుభాగంలో పలకంత మేర చిన్న పల్లం వదిలాడు. నంబరు పలక కోసం. మొదటి రోజు నుంచీ ఆ పలకను గాలి లెక్కలో కలిపేశాడట. పలక లేకపోతే గాలి ఆ పల్లంలో పడి ఆగుతుంది, లెక్క మారుతుంది. "నంబరు రాకుంటె ఇది అధూరా, సగం బండే పేపరాయనా" అన్నాడు. నంబరు అంటే సర్కారు ఇచ్చే అనుమతి అని నేననుకునేవాణ్ణి. ఆయనకు అది బండిలో ఒక భాగం. చక్రం లాగా.

ఆయనతో బస్సెక్కితే నాకు సిగ్గుగా ఉండేది. కిటికీలోంచి చెయ్యి చాపి, అరచేతిని పైకీ కిందికీ వంచేవాడు. వేళ్లు ఎత్తితే చెయ్యి లేస్తుంది, దించితే దిగుతుంది. కండక్టరు ప్రతిసారీ, "పెద్దమనిషీ, సెయ్యి లోపల పెట్టు, తెగిపోతది" అని కసిరేవాడు. ఈయన లోపల పెట్టేవాడు. రెండు నిమిషాలకు చెయ్యి మళ్లీ బయట. పెళ్లిళ్లకు పోతే వచ్చిన కార్ల కిందికి వంగి చూసేవాడు. పెళ్లికొడుకు కారు కింద ఆయన బట్టతల కనపడి, ఓసారి ఆడపెళ్లివారు దొంగనుకున్నారు. ఇంతా చేసి ఆయనకు సొంత కారు లేదు. ఒక పాత స్కూటరు, దాని వెనక సీటు మీద ఫైబర్‌ను అతికే రెజిన్ డబ్బా.

ఏళ్లు అలా గడిచాయి. నంబరు కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. కంపెనీ చేసిన బండికి రూలుంది, ఒక మనిషి ఒక్కడే చేసిన ఒక్క బండికి ఏ రూలు వర్తిస్తుందో ఎవరూ తేల్చేవాళ్లు కాదు. ఈ ఇన్‌స్పెక్టర్ వచ్చాక, ముందు బండిని చూస్తానని ఒప్పుకున్నాడు. అదే ఆ మైదానం రోజు. అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది.

అంతకు ముందు బండి నడవలేదని కాదు. తూంకుంట దగ్గర ప్లాట్లు చేసి వదిలేసిన వెంచర్ల ఖాళీ రోడ్ల మీద లతీఫ్ దాన్ని నడిపాడు. కానీ అప్పుడది వట్టి ఇనుప చట్రం. సీటు చోట ఓ చెక్కపీట కట్టుకుని నడిపాడు. తొట్టె బిగించింది ఆఖరున. బిగించాక అందులో ఎవరూ కూర్చోలేదు.

నాకు అర్థం కానిది ఇక్కడే. రోడ్డు మీద ప్రతి ఊరి వంపునూ తీగ పెట్టి కొలిచిన మనిషి, తన నడుము కొలుచుకోలేదా?

మైదానం నుంచి వచ్చాక, దూలపల్లి అడ్డరోడ్డు హోటల్లో ఆయనా లతీఫూ నేనూ కూర్చున్నాం. ఇన్‌స్పెక్టర్ మంచిమాటే చెప్పి పంపాడు. ఆ సీటు తీసేసి మామూలుది వేసుకుని వారంలో రమ్మన్నాడు. లతీఫ్ అదే పట్టుకున్నాడు. "సాబ్, గ్రైండర్ పెడితె ఒక పూట పని. సీటు కోసేస్త. ఎల్లుండి మీరే నడపొచ్చు."

"కోస్తె మిగిలేది వట్టి నీళ్లతొట్టే" అన్నాడు ఆయన.

పెడల్స్ ఎక్కడుండాలి, స్టీరింగ్ ఎంత దూరముండాలి, పైకప్పు ఎంత ఎత్తుండాలి, బరువు ఏ చక్రం మీద ఎంత పడాలి, అన్నీ ఆ సీట్లోంచే పుట్టాయట. పందెం కార్లకు ముందు మనిషిని కొలిచి, ఆ మనిషి చుట్టూ బండి కడతారట. దర్జీ చొక్కా కుట్టినట్టు.

"మరి మీరు ఒకసారన్నా కూర్చుని చూసుకోలేదా?" అన్నాను.

ఆయన సాసర్లో టీ పోసుకుని ఊదాడు. "నేను నడిపేటందుకు చేసిన్నా?"

"ఇంకెవరి కోసం చేశారు?"

"సరిపోయేటోళ్లకు" అన్నాడు. టీ తాగి లేచి, స్కూటరు తీసుకుని పోయాడు.

ఆ వారం ఆయన ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోలేదు. తర్వాతి వారమూ పోలేదు. ఇన్‌స్పెక్టర్ బదిలీ అయ్యాడు. కారు షెడ్డులో టార్పాలిన్ కింద ఉండిపోయింది. ఆయన మళ్లీ బస్సు సీట్లు చేసుకున్నాడు. నేను పోయినప్పుడల్లా మాట్లాడేవాడు, కొత్తగా వేసిన స్పీడ్‌బ్రేకర్ల తీగలు చూపించేవాడు. ఆ సీటు సంగతెత్తితే మాత్రం, రోడ్డు మీద పోయే ఏదో బండి వైపు చూస్తుండేవాడు.

ఓ ఎండాకాలం గుండెపోటుతో పోయాడు. అప్పుడు నేను ఊళ్లో లేను. తర్వాత కొన్నాళ్లకు లతీఫ్ ఫోన్ చేశాడు. దూలపల్లి షెడ్డు ఖాళీ చేయాలి, అక్కడ ఇండ్లు కడుతున్నారు. శామీర్‌పేట వైపు రిసార్టు పెట్టిన ఒకాయన, కారును గేటు దగ్గర పెట్టుకుంటానని అడుగుతున్నాడట. ఒక్కటే షరతు, వచ్చినవాళ్లు ఎక్కి ఫోటో దిగడానికి వీలుగా ఆ సీటు కోసి మామూలుది పెట్టాలి. భాభీ, అంటే ఆయన భార్య, అవునంటలేదు, కాదంటలేదు, ఒకసారి వచ్చి మాట్లాడమన్నాడు.

నేను వెళ్లేసరికి ఆమె షెడ్డులోనే ఉంది. గోడ మీది తీగలన్నీ విప్పి ఓ గోనెసంచిలో వేస్తోంది. పొట్టి మనిషి. నన్ను చూసి, "తమ్మీ, అన్నం తిన్నవా?" అంది. లతీఫ్ టార్పాలిన్ లాగాడు. కారు అలాగే ఉంది, తెల్లగా, నేలకు అతుక్కుని.

సీట్లో ఉన్న ముద్ర ఎవరిదని లతీఫునడిగాను. అతనికి ఏనాడూ సందేహం లేదట. "సాబ్‌దే. జవానీల ఉన్నప్పటి కొలత. బండి అయ్యేసరికి సాబ్ లావైండు. ఆ మాట చెప్పుకోనీకి శరమైంది."

"ఏం జవానీ?" అంది ఆమె, సంచి మూతి కడుతూ. "పెండ్లినాడే ఆయన నడుముకు తువ్వాల సరిపోలే."

తర్వాత ఎవరూ అడగకుండానే చెప్పింది. షెడ్డు పెట్టిన కొత్తలో ఒకనాడు ఆమె ఆయనకు సద్ది తెచ్చిందట. కరెంటు లేదు, పనివాళ్లు పోయారు. గోనెసంచుల మధ్య పాలిథీన్ కవరు పరిచి, అందులో ఏవో రెండు మందులు కలిపి పోసి, దాని మీద కూర్చోమన్నాడట.

"బస్సులల్ల ఆడోళ్ల సీట్లకు అచ్చు తియ్యాలన్నడు. కదలకు అన్నడు. అది కిందికెల్లి పిండి పొంగినట్టు పొంగుకుంట వచ్చింది. ఈపు సుర్రుమన్నది. నవ్వొస్తాంది, నవ్వితె కదులుతవ్ అంటడు. గట్టిగైనదాక గట్లనే కూసున్న. లేసినంక నా చీర గూడ చూస్కోలే, ఆ అచ్చునే చూసుకుంట నిలబడ్డడు."

నేను లతీఫ్ వైపు చూశాను. అతను తల గీరుకున్నాడు. ఆడవాళ్ల సీట్లకు వేరే అచ్చు ఈ షెడ్డులో ఎన్నడూ లేదన్నాడు. ఏ సీటైనా ఒకటే మోల్డు, మీద రాసే అక్షరాలే వేరు.

ఒక నిమిషం నాకు అంతా అర్థమైందనిపించింది. మరుక్షణం మళ్లీ చిక్కుపడింది. ఆమెకు డ్రైవింగ్ రాదు. నేర్పిస్తానని ఆయన ఎప్పుడూ అనలేదట. పైగా ఆమెకు కారు పడదు.

"కారెక్కితె కడుపుల తిప్పుతది నాకు. ఆయనకెరుకే. బస్సుల పోతె కిటికి కాడ నన్ను కూసోవెట్టి, నా మీదికెల్లి సెయ్యి బయట పెట్టెటోడు" అంది.

బహుశా ఆ రోజు నిజంగానే ఆడవాళ్ల సీట్ల ఆలోచన వచ్చి ఉండొచ్చు. అది కుదరక, చేతిలో ఉన్న అచ్చు అదొక్కటే కాబట్టి దాని చుట్టూ కారు గీయడం మొదలుపెట్టి, తర్వాత మార్చలేకపోయి ఉండొచ్చు. ఫైబర్ పనివాళ్లకు ఉన్న అచ్చును పారేయబుద్ధి కాదు. లేదా మొదటి నుంచీ ఆమె కోసమే కావచ్చు. అలాగైతే ఆమెకు చెప్పకుండా అన్నేళ్లు ఎలా ఉన్నాడు? మైదానంలో అంతమంది ముందు ఆమె వైపు చూసినప్పుడు, నోరు తెరిచి ఒక్క మాట అడగడానికి ఏం అడ్డమొచ్చింది?

"మైదానంలో ఆ రోజు ఆయన మిమ్మల్ని చూసింది నిమ్మకాయల కోసమేనా అక్కా?" అన్నాను.

"గదే అనుకున్న తమ్మీ. గందుకే తెచ్చి పెట్టిన." ఆమె గొంతు మామూలుగానే ఉంది.

లతీఫ్ తలుపు పైకెత్తాడు. చేత్తో సీట్లోని దుమ్ము తుడిచాడు. "భాభీ, ఒక్కసారి కూసోండి. తెలిసిపోతది."

ఆమె దగ్గరికొచ్చింది. వంగి, సీటు వీపు ఆనే చోట అరచేయి పెట్టింది. కిందికి, నడుము పల్లం దాకా నెమ్మదిగా జరిపింది. కూర్చుంటుందనే అనుకున్నాను. లతీఫ్ ఆమె చేతిలోని తీగల సంచి అందుకోవడానికి చెయ్యి కూడా చాపాడు.

"సరిపోతె ఏం జెయ్యాలె లతీఫూ?" అంది ఆమె. "సరిపోకుంటె ఏం జెయ్యాలె?"

ఆమె చెయ్యి తీసి చెంగుకు తుడుచుకుంది. మూసెయ్యమంది. రిసార్టాయనకు వద్దని చెప్పమంది.

ఇప్పుడా బండి యాప్రాల్‌లో వాళ్లింటి పక్కన రేకుల కింద ఉంది. పండుగకోసారి ఆమె టార్పాలిన్ దులిపి మళ్లీ కప్పుతుంది. ముందుభాగంలో నంబరు పలక కోసం వదిలిన పల్లం ఖాళీగానే ఉంది. ఆ సీట్లో ఇంతవరకూ ఎవరూ పూర్తిగా కూర్చోలేదు. ఆమె కూడా.